టీఎంసీని విప్పి చూద్దాం

వానకాలంలో మా వేములవాడ వైపు దినపత్రిక చేతికి రాగానే చాలామంది ముందుగా వెతికేది ప్రాజెక్టుల పట్టిక. ఎల్లంపల్లి, మధ్య మానేరు, దిగువ మానేరు అని పేర్లు వరుసగా ఉంటాయి. ఒక్కోదాని ఎదురుగా వచ్చే నీరు ఇన్ని క్యూసెక్కులు, పోయే నీరు ఇన్ని క్యూసెక్కులు, నిల్వ ఇన్ని టీఎంసీలు అని అంకెలుంటాయి. మూలవాగు నీళ్లు కూడా వచ్చి చేరే మానేరు మీద, మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరుకు మా వేములవాడ దేవుడు రాజన్న పేరే పెట్టారు. శ్రీ రాజరాజేశ్వర జలాశయం. నిండితే సుమారు 27.5 టీఎంసీలు పడుతుంది.

ఈ మాట రోజూ వింటాం, రోజూ అంటాం. కాని టీఎంసీ అంటే ఎన్ని నీళ్లని ఎవరైనా నిలదీసి అడిగితే 'చాలా నీళ్లు' అని ఊరుకుంటాం. అక్కడ ఊరుకోవద్దని చెప్పడానికే ఈ అధ్యాయం. ఈ జలాశయం కోసం కొదురుపాక, నీలోజిపల్లి, అనుపురం, సంకెపల్లి, చీర్లవంచ వంటి ఊళ్లు మునిగాయి. ఇల్లూ పొలమూ వదిలి కట్ట ఇవతలికి వచ్చిన మనుషులు ఇంకా మన మధ్యే ఉన్నారు. వాళ్లు ఊళ్లిచ్చి నిలబెట్టిన నీళ్లెన్నో ఎకరాల్లో, బిందెల్లో చెప్పుకోవడం మనకు రావాలి. అందుకు పెద్ద చదువులు అక్కర్లేదు. బడిలో చెప్పే ఘాతాంకాల పాఠం చాలు.

చుక్క నడిచే దారి

టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ల ఘనపుటడుగులు. మిలియన్ అంటే పది లక్షలు. వెయ్యి మిలియన్లంటే వంద కోట్లు. ఒకటి పక్కన తొమ్మిది సున్నాలు, అంటే 10⁹. కాబట్టి మధ్య మానేరు నిండు నిల్వ 27.5 × 10⁹ ఘనపుటడుగులు. పది అంకెలు పట్టే సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో 27.5ను వంద కోట్లతో గుణించి చూడండి. జవాబులో పదకొండు అంకెలుంటాయి, తెర చాలదు. అందుకని అది 2.75 × 10¹⁰ అని చూపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఇదే 2.75E10 అని కనబడుతుంది. ఆ E చూసి ఎర్రర్ వచ్చిందని చెరిపేసేవాళ్లున్నారు. ఎర్రర్ కాదది. పది మీద ఉన్న ఘాతాంకం ఇదీ అని చెప్పే గుర్తు. ఒకటికి తగ్గకుండా, పదికి లోపుగా ఉండే సంఖ్య ఒకటి, దాన్ని గుణించే పది ఘాతం ఒకటి. ఇలా రాసిన రూపాన్ని పాఠ్యపుస్తకాల్లో ప్రామాణిక రూపం అంటారు.

ఇప్పుడు దీన్ని విప్పుదాం. కాగితం మీద 2.75 రాసి, చుక్క మీద పెన్సిల్ మొన ఆనించండి. ఘాతాంకం పది కాబట్టి చుక్క కుడివైపుకు పది అడుగులు నడవాలి. మొదటి అడుగులో 7ను దాటుతుంది, 27.5 అవుతుంది. రెండో అడుగులో 5ను దాటుతుంది, 275 అవుతుంది. మన దగ్గరున్న అంకెలు అక్కడికి అయిపోయాయి. నడవాల్సిన అడుగులు ఇంకా ఎనిమిది ఉన్నాయి. ఒక్కో అడుగుకు ఒక్కో సున్నా పెట్టుకుంటూ పోతే 27500000000 వస్తుంది. కుడి చివర మూడు అంకెలు వదిలి, ఆపైన రెండేసి అంకెలకు ఒక కామా పెడితే 27,50,00,00,000. చదివితే 2,750 కోట్ల ఘనపుటడుగులు.

పిల్లలు పొరబడేది ఇక్కడే. ఘాతాంకం పది కదా అని 275 పక్కన పది సున్నాలూ పెట్టేస్తారు. రెండు సున్నాలు ఎక్కువైతే జవాబు వంద రెట్లు పెరుగుతుంది. 27.5 టీఎంసీలు కాస్తా 2,750 టీఎంసీలవుతాయి. నూటికి 75 ఏళ్లు నమ్మదగినదిగా కృష్ణా నది మొత్తం మీద ఏడాదికి వచ్చే నీరు 2,060 టీఎంసీలని బచావత్ ట్రిబ్యునల్ లెక్కగట్టింది. అంటే ఆ రెండు సున్నాలతో కృష్ణమ్మ మొత్తాన్ని మానేరు కట్ట వెనక నిలబెట్టి, ఇంకా ఖాళీ మిగిల్చినట్టు. ఘాతాంకం చెప్పేది సున్నాల లెక్క కాదు, అడుగుల లెక్క. సరిచూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. విప్పిన సంఖ్యలో చుక్కకు ముందుండే అంకెలు ఎప్పుడూ ఘాతాంకం కంటే ఒకటి ఎక్కువ. 10¹⁰ అయితే పదకొండు అంకెలు. లెక్కపెట్టి చూసుకోండి.

ఇంతకీ చుక్క నిజంగా నడుస్తుందా? నడవదు. చుక్క చోటు ఎప్పుడూ ఒకట్ల స్థానానికి కుడిపక్కనే. జరిగేవి అంకెలు. పదితో ఒకసారి గుణిస్తే ఒకట్లలో ఉన్న 2 పదుల స్థానానికి పోతుంది, పదో వంతుల్లో ఉన్న 7 ఒకట్లలోకి వస్తుంది. వరుసలో అందరూ ఒక్కో మెట్టు ఎక్కుతారు. పదిసార్లు గుణిస్తే పది మెట్లు. బండిలో పోతుంటే చెట్లు వెనక్కి పరుగెత్తినట్టే, అంకెలు ఎడమకు పోతుంటే చుక్క కుడికి వచ్చినట్టు కనిపిస్తుంది. చేత్తో లెక్క చేసేటప్పుడు చుక్కను జరపడమే తేలిక. ఎందుకు జరుపుతున్నామో మాత్రం మనసులో ఉండాలి.

మన లక్షలూ కోట్లూ అలవాటైన వాళ్లకు ఇంకో దగ్గరి దారి ఉంది. వెయ్యి అంటే 10³, లక్ష అంటే 10⁵, కోటి అంటే 10⁷. ఘాతాంకం ఏడో, అంతకంటే ఎక్కువో అయితే అందులోంచి ఏడు తీసేయండి. మిగిలిన అడుగులు మాత్రమే చుక్కను నడిపించి, పక్కన 'కోట్లు' అని రాయండి. 2.75 × 10¹⁰లో పదిలోంచి ఏడు పోతే మూడు. చుక్కను మూడు అడుగులు జరిపితే 2,750. పక్కన కోట్లు. సున్నాలు లెక్కపెట్టే పనే లేదు.

శతకోటి, అర్బుదం, మహాక్షితి

పెద్ద సంఖ్యలకు మెట్లు కట్టడం మన నేలకు కొత్త కాదు. పదో శతాబ్దంలో వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్యులు రాష్ట్రకూటులకు సామంతులు. రెండో అరికేసరి కొలువులో ఉన్న పంపకవి 941లో విక్రమార్జున విజయం పూర్తిచేశాడు. అంతకు సుమారు తొంభై ఏళ్ల ముందు, అదే రాష్ట్రకూట వంశపు అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడనే జైన గణితవేత్త సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన దాన్ని తెలుగులోకి తెచ్చాడు. తెలుగులో తొలి గణిత గ్రంథంగా దానికి పేరు.

మహావీరుడు సంఖ్యలకు 24 స్థానాలు పేర్లతో సహా చెప్పాడు. ఏకం, దశ, శతం, సహస్రంతో మొదలై దశసహస్రం, లక్ష, దశలక్ష, కోటి, దశకోటి, శతకోటి, ఆ పైన అర్బుదం, న్యర్బుదం, ఖర్వం ఇలా మహాక్షోభం దాకా పోతుంది ఆ వరుస. ఏకాన్ని 10⁰ అనుకుంటే చివరిదైన 24వ స్థానం 10²³. ఈ వరుసలో శతకోటి సరిగ్గా 10⁹. అంటే ఒక టీఎంసీ అచ్చంగా ఒక శతకోటి ఘనపుటడుగులు. దాని పై మెట్టు అర్బుదం, 10¹⁰. మధ్య మానేరు నిండితే రెండు ముప్పావు అర్బుదాల ఘనపుటడుగులు. క్యాలిక్యులేటర్ చూపిన 2.75 × 10¹⁰ను పేరుతో పిలిస్తే అదే.

అయితే పేర్లతో ఒక చిక్కుంది. ఆర్యభటుడి వరుసలోనూ, భాస్కరాచార్యుడి లీలావతిలోనూ అర్బుదం అంటే 10⁸, పది కోట్లు. మహావీరుడి దగ్గర అదే మాట దానికి వంద రెట్లు. ఒకరి అర్బుదం ఇంకొకరి అర్బుదం కాదు. పేరు మనిషిని బట్టి, గ్రంథాన్ని బట్టి మారిపోతుంది. 1637లో ఫ్రాన్స్ దేశపు డెకార్ట్ తన జ్యామితి గ్రంథంలో ఘాతాంకాన్ని చిన్న అంకెగా పైన రాసే పద్ధతి పెట్టాడు. ఆ పైన ఉన్న చిన్న అంకె ఎన్నో మెట్టో సూటిగా చెబుతుంది. వేములవాడలో అయినా పారిస్‌లో అయినా 10¹⁰ అంటే పదో మెట్టే.

ఎకరాల్లోకి, మనుషుల్లోకి

మా వైపు రైతు టీఎంసీ మాట వింటే అడిగే మొదటి ప్రశ్న, "అయితే ఎన్ని ఎకరాలు పారుతది?" అని. ఆ ప్రశ్నలోనే అసలైన గణితం ఉంది. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. ఎకరమంతటా అడుగు లోతు నీళ్లు నిలిస్తే 43,560 ఘనపుటడుగులు, ప్రామాణిక రూపంలో 4.356 × 10⁴. ఒక టీఎంసీని దీనితో భాగించాలి. పెద్ద సంఖ్యల్ని భాగించడానికి ఘాతాంకాలంత సాయం చేసేది మరొకటి లేదు. తొమ్మిదిలోంచి నాలుగు పోతే ఐదు, 1ని 4.356తో భాగిస్తే 0.22957. జవాబు 0.22957 × 10⁵. విప్పితే 22,957. ఒక టీఎంసీ నీళ్లను దాదాపు 23 వేల ఎకరాల మీద అడుగు లోతున పరచవచ్చు. మధ్య మానేరు నిండు నిల్వను అలా పరిస్తే 6.31 × 10⁵ ఎకరాలు, అంటే 6,31,000 ఎకరాలు. వరి పొలానికి నాటు నుంచి కోత దాకా ఒక్క అడుగు నీళ్లు చాలవు. ఎగిరే ఆవిరి, ఇంకే నీరు, కాలువల్లో పోయేది, తూముకు అందకుండా అడుగున మిగిలేది కూడా తీసేయాలి. అయినా ఇప్పుడు ఆ అంకెకు ఒక ఆకారం వచ్చింది.

నీళ్ల లెక్కల్లో పనికొచ్చే మరో అంకె 11,574. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు, 8.64 × 10⁴. వంద కోట్లను దీనితో భాగిస్తే 1.1574 × 10⁴. విప్పితే 11,574. జలాశయంలోకి అన్ని క్యూసెక్కులు ఒక రాత్రీ పగలూ ఆగకుండా వస్తే ఒక టీఎంసీ చేరుతుంది. ఇన్‌ఫ్లో అంకె చూసి, నిండడానికి ఎన్ని రోజులు పడుతుందో ఇక మీరే చెప్పగలరు.

మనుషుల లెక్కకు వద్దాం. ఒక ఘనపుటడుగులో 28.3168 లీటర్లు పడతాయి, 2.83168 × 10¹. మధ్య మానేరు నిల్వతో గుణిస్తే 7.787 × 10¹¹ లీటర్లు. పదకొండులోంచి ఏడు తీసేస్తే నాలుగు. 77,870 కోట్ల లీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఉన్నది మూడున్నర కోట్ల మంది, 3.5 × 10⁷. భాగిస్తే తలకు 2.2249 × 10⁴, అంటే 22,249 లీటర్లు. ఈ అంకెను గుర్తుపెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి రావాలి.

చుక్క ఎడమకు నడిస్తే

పది ఘాతాల మెట్లు పైకే కాదు, కిందికీ ఉన్నాయి. 1000, 100, 10, 1 అని దిగుతూ వస్తే ప్రతి మెట్టుకూ పదితో భాగిస్తున్నాం. ఘాతాంకం 3, 2, 1, 0 అని తగ్గుతోంది. ఒకటి దగ్గర ఆగాల్సిన పని లేదు. ఇంకో మెట్టు దిగితే 0.1, ఘాతాంకం −1. ఆ తర్వాత 0.01, ఘాతాంకం −2. ఘాతాంకం ముందు రుణ గుర్తు ఉంటే చుక్క ఎడమకు నడుస్తుంది.

ఇందుకు మంచి ఉదాహరణ సిరిసిల్ల మరమగ్గాల మీదే ఉంది. అక్కడి నేతన్నలు పోగు సన్నదనాన్ని డెనియర్‌లో చెబుతారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 75 డెనియర్ పోగు తీసుకోండి. మీటరు పోగు బరువు 75ను 9,000తో భాగించినంత, 8.33 × 10⁻³ గ్రాములు. చుక్కను ఎడమకు మూడు అడుగులు నడిపించండి. మొదటి అడుగులో 0.833, రెండో అడుగులో 0.0833, మూడో అడుగులో 0.00833. ఇక్కడ కూడా సున్నాల లెక్క జాగ్రత్త. ఘాతాంకం −3 అయితే చుక్క తర్వాత వచ్చే సున్నాలు రెండే. మూడో సున్నా చుక్కకు ముందున్నదే.

మీటరుకు గ్రాములో వందో వంతు కూడా తూగని అలాంటి పోగులతోనే బతుకమ్మ చీరలు నేశారు. ఏటా కోటి దాకా చీరలు. చీర ఐదున్నర మీటర్లనుకుంటే 5.5 × 10⁷ మీటర్ల బట్ట, 5,50,00,000 మీటర్లు. భూమధ్యరేఖ చుట్టుకొలత 4 × 10⁷ మీటర్లు. సిరిసిల్లలో ఒక పండుగకు నేసిన బట్టను ఒకదానికొకటి ముడేస్తే భూమిని ఒకసారి చుట్టి, ఇంకా మూడో వంతు దూరం పైగా పోతుంది.

ఇంకా కిందికి దిగుదాం. కరీంనగర్ వెండి తీగ పని చూసినవాళ్లకు తెలుసు, ఆ కళాకారులు వెండిని ఎంత సన్నగా సాగదీస్తారో. ఎంత సాగదీసినా ఆ తీగలో ఉండేవి వెండి పరమాణువులే. ఒక్క పరమాణువు బరువు 1.79 × 10⁻²² గ్రాములు. చుక్కను ఇరవై రెండు అడుగులు ఎడమకు నడిపిస్తే:

0.000000000000000000000179

చుక్క తర్వాత 21 సున్నాలు, ఆపైన 179. వేలు పెట్టి లెక్కపెట్టండి. ఒక్క సున్నా జారినా బరువు పది రెట్లు మారిపోతుంది. రసాయన శాస్త్రంలో రోజూ ఇలాంటి లెక్కలు చేసేవాళ్లు ప్రామాణిక రూపాన్ని ఎందుకు వదలరో ఈ వరుస చూస్తే చాలు. ఇక ఒక గ్రాము వెండిలో ఎన్ని పరమాణువులు? 5.58 × 10²¹. కోటి అంటే 10⁷ కదా, కోటి కోట్ల కోట్లంటే 10²¹. కాబట్టి 5.58 కోట్ల కోట్ల కోట్ల పరమాణువులు. మహావీరుడి వరుసలో 10²¹కు ఒక పేరుంది, మహాక్షితి. పరమాణువు బరువు ఎవరికీ తెలియని రోజుల్లో పెట్టిన పేరు, కాలి మెట్టె తయారుచేసే గ్రాము వెండిని లెక్కపెట్టడానికి సరిపోయింది.

రెండు రకాల సున్నాలు

ఇప్పుడు అసలు మాట. విప్పడం నేర్చుకున్నాం. విప్పినప్పుడు వచ్చే సున్నాలు అన్నీ ఒకటి కావు.

27,50,00,00,000 చూడండి. ఎనిమిది సున్నాలు. జలాశయంలో సరిగ్గా ఇన్ని ఘనపుటడుగులున్నాయనీ, చివరి ఒకట్ల స్థానంలో కూడా సున్నాయేననీ ఎవరైనా కొలిచారా? లేదు. మనకు తెలిసింది 2, 7, 5 మాత్రమే. మిగతా సున్నాలు ఆ మూడు అంకెల్ని వాటి మెట్టు మీద నిలబెట్టే ఆసరాలు. కొలిచిన సున్నా వేరు, ఆసరా సున్నా వేరు. ప్రామాణిక రూపంలో ఈ తేడా కనిపిస్తుంది. 2.75 × 10¹⁰ అని రాస్తే మూడు అంకెలు తెలుసని అర్థం. 2.750 × 10¹⁰ అని రాస్తే ఆ సున్నా కూడా కొలిచిందేనని రాసినవాడు పూచీ పడుతున్నాడు. సాధారణ రూపంలోకి విప్పగానే ఆ పూచీ చెరిగిపోతుంది.

ఈ తేడా మరిచిపోతే ఎంత నష్టమో ఇంటర్నెట్ సెంటర్లలో, ఆఫీసుల్లో కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లకు తెలుసు. ఎక్సెల్ పట్టికలో పన్నెండు అంకెల ఆధార్ నంబరు టైపు చేస్తే అది దాన్ని పరిమాణం అనుకుని 4.07E+11 వంటి రూపంలో చూపిస్తుంది. లోపల పూర్తి నంబరు ఉన్నంతవరకు గడి రూపం మారిస్తే తిరిగి కనబడుతుంది. కాని అదే పట్టికను సీఎస్‌వీ ఫైలుగా దాచి, మళ్లీ తెరిస్తే మిగిలేది 4.07E+11 మాత్రమే. దాన్ని విప్పితే 4,07,00,00,00,000 వస్తుంది. చివరి తొమ్మిదీ ఆసరా సున్నాలు. మనిషి నంబరు పోయింది. ఏ లెక్కా దాన్ని తిరిగి తేలేదు. పదహారో, అంతకంటే ఎక్కువో అంకెలున్న నంబరైతే టైపు చేయగానే పదిహేనో అంకె తర్వాతివన్నీ సున్నాలైపోతాయి. కాబట్టి ఆధార్, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబర్ల గడుల్ని ముందే టెక్స్ట్‌గా మార్చుకోవాలి. అవి పరిమాణాలు కావు, పేర్లు. పేరును పది ఘాతంలో కుదించకూడదు. ఒక పింఛను, ఒక పరిహారం, ఒక స్కాలర్‌షిప్ ఆ తొమ్మిది అంకెల మీద ఆధారపడి ఉంటుంది.

ఇక గుర్తుపెట్టుకొమ్మన్న 22,249 లీటర్ల దగ్గరికి రండి. చివరి 49 ఎక్కడి నుంచి వచ్చింది? జనాభాను మూడున్నర కోట్లని రెండే అంకెల్లో తీసుకున్నాం. నిల్వను మూడంకెల్లో తీసుకున్నాం. రెండంకెలు తెలిసిన చోట ఐదంకెల జవాబు చెప్పడం తెలియనిది తెలిసినట్టు చెప్పడమే. నిజాయితీగా చెప్పగలిగింది 2.2 × 10⁴. విప్పితే 22,000 లీటర్లు. 11,574 విషయం వేరు. రోజుకు 86,400 సెకన్లు, టీఎంసీకి వంద కోట్ల ఘనపుటడుగులు అనేవి కొలిచినవి కావు, నిర్వచనాలు. అక్కడ ఐదంకెలకూ పూచీ ఉంది.

ఇరవై రెండు వేల లీటర్లను పదిహేను లీటర్ల బిందెతో కొలిస్తే దాదాపు పదిహేను వందల బిందెలు. మధ్య మానేరు నిండిన రోజున 2011 జనాభా లెక్కన తెలంగాణలో ప్రతి మనిషి పేరిట, పసిబిడ్డ పేరిట కూడా, కట్ట వెనక పదిహేను వందల బిందెలున్నట్టు. 2.75 × 10¹⁰ను విప్పుకుంటూ, పంచుకుంటూ వస్తే చివరికి మన వాకిట్లో దిగిన లెక్క ఇది. కొదురుపాక, నీలోజిపల్లి, అనుపురం వాళ్లు తమ ఇళ్లిచ్చి మనకు నిలబెట్టింది ఇన్ని బిందెలు. రేపు పొద్దున పేపర్లో నిల్వ అంకె చూసినప్పుడు పెన్సిల్ తీసి, చుక్క మీద ఆనించండి.